కొళాయి చప్పుడు

మా కంబదూరులో కొళాయికి నీళ్లు ఏ పూట వస్తాయో ఎవరికీ తెలియదు. ముందు గాలి బుస్సుమంటుంది. ఆ చప్పుడు విని పరుగెత్తిన వాళ్లకే నీళ్లు.

అమ్మా నాయనా పొద్దున్నే చేనికి పోతారు. ఇంట్లో నేనూ ఓబులవ్వా.

"నాకు చెవుడు గదా పాపా, నువ్వే వినల్ల," అంటుంది అవ్వ. అందుకే డిగ్రీ అయిపోయినా నేను గడప దాటలేదు. పుస్తకం పట్టుకున్నా ఒక చెవి కొళాయి దగ్గరే. కథలో ఎవరు చనిపోయారో మళ్లీ వెనక్కి పోయి చదువుకోవాలి.

"ఆ పుస్తకంలోంచి నీళ్లు కారతాయా ఏమి?" అని దెప్పుతుంది అవ్వ.

ఆ రోజు బెంగళూరు కాన్వెంటు బడి నుంచి, దాన్ని నడిపే సిస్టర్ ఫోన్ చేసింది. నేను అర్జీ పెట్టుకున్న లైబ్రరీ ఉద్యోగం వచ్చిందట. మా ఇంట్లో సిగ్నల్ కిటికీ దగ్గర ఒక్కచోటే అందుతుంది. ఆ కిటికీ కిందే అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. ఎలాగూ వినపడదు కదా అని అక్కడే నిలబడి మాట్లాడాను.

"హాస్టల్లో ఉండొచ్చు. ఎప్పుడు చేరతావు?" అంది సిస్టర్.

అప్పుడే కొళాయి బుస్సుమంది.

కదిలితే ఫోన్ తెగిపోతుంది. కదలకపోతే తాగడానికి చుక్క ఉండదు. నా కాళ్లు అప్పుడే అటు తిరిగాయి. కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

"సోమవారం వస్తాను, సిస్టర్."

కళ్లు తెరిస్తే అవ్వ అక్కడ లేదు. కొళాయి కింద బిందె నిండుతోంది. అవ్వ రెండో బిందె పట్టుకుని నిలబడింది.

"అవ్వా, నీకు వినపడతాదా?"

అవ్వ నా వైపు చూడలేదు. నిండిన బిందె పక్కకు జరిపి రెండోది పెట్టింది.

"ఆ హాస్టల్లో నీళ్లు బాగా వస్తాయంటనా?"