చెకప్ తప్పితే

“తలుపు తీస్తవా, బోరబండ మొత్తం వినేటట్టు అరవాల్నా?”

తబితా గొంతుకు పక్కిళ్ళవాళ్ళు అప్పుడే గుమ్మాల్లోకి వచ్చేశారు. విన్సెంట్ తలుపు తీశాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా కూడా వేసుకోలేదు.

“నేను రాను. ఆపరేషన్ అయింది, కీమో అయింది. ఇప్పుడు నొప్పి సుత లేదు. ఇగ చాలు.”

“నొప్పొచ్చినంక పోతే డాక్టరేం జేస్తడు? పేగుల క్యాన్సర్ నీకు చెప్పి తిరిగొస్తదా? అంగీ ఏస్కో, నడువ్.”

“సస్తే సస్త. నీకేంది?”

“అంత అల్కగ సావనియ్య నిన్ను.”

ఆటోలో చెరో అంచున కూర్చున్నారు. అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండి ఆగగానే విన్సెంట్ దిగిపోబోయాడు. తబితా కాలర్ పట్టుకుని లోపలికి గుంజింది.

“పేషెంట్ గదక్కా, జర నిమ్మళంగ,” అన్నాడు ఆటో అతను.

“నువ్వు ముందుకు జూసి నడుపు!” అని కసిరింది.

పంజాగుట్ట ఆసుపత్రిలో నర్సు సూది తీయగానే విన్సెంట్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. తబితా ఆ చేతిని బల్లకేసి అదిమిపట్టింది.

“మీవారా అమ్మా?” అంది నర్సు నవ్వుతూ.

“నీకెందుకు? రక్తం తియ్యి.”

స్కాన్ కూడా అయ్యాక, సాయంత్రం డాక్టర్ రఘురామ్ గారు పిలిచారు. ఆయన కంప్యూటర్ చూస్తున్నంతసేపూ తబితా కుర్చీ అంచు వదల్లేదు.

“స్కాన్ బాగుంది. రక్తపరీక్షలోనూ తేడా లేదు. జబ్బు తిరగబెట్టిన ఆనవాళ్ళేమీ లేవండీ,” అన్నారాయన.

పొద్దున్నుంచీ బిగపట్టిన ఊపిరి వదిలింది తబితా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“కానీ మొదటి రెండు మూడేళ్ళూ చాలా జాగ్రత్తగా ఉండాలి. మూడు నెలల చెకప్ తప్పకూడదు.”

“తప్పనియ్య సార్.”

“ఏమయ్యా, ఇలాంటి మనిషి తోడుండటం నీ అదృష్టం,” అన్నారు డాక్టర్ గారు. విన్సెంట్ తలెత్తలేదు. ఆమె ముఖంలోకి వాడు ఏనాడూ సూటిగా చూడలేదు.

బయట మెట్రో స్తంభం పక్కన ఆగాడు.

“చర్చిల నా కోసం ప్రార్థన చేస్తున్నవంట. పాస్టర్ చెప్పిండు.”

“రోజూ చేస్తున్న. నిన్ను అప్పుడే తీస్కపోవద్దని.”

వాడు చేతులు జోడించాడు. “అక్కా, నన్ను మాఫ్ చెయ్యి.”

“అక్కా అనకు!”

ఆమె అరుపుకు బస్‌స్టాప్‌లో జనం తిరిగి చూశారు. వాడిని ఆటోలోకి తోసి, మందులు మానితే మళ్ళీ వాకిట్లోకొచ్చి అరుస్తానని బెదిరించి పంపించింది. ఆటో ఫ్లైఓవర్ ఎక్కేదాకా అక్కడే నిలబడి చూసింది.

తన కొడుకును కారుతో గుద్ది చంపినవాడు కోర్టు తీర్పు వినకుండా చావకూడదు.