ఆనపతీగ ముడి

కాలనీ వెనుక ఖాళీ స్థలాన్ని మళ్ళుగా చేసి అద్దెకిచ్చిన సంఘం, ఆ ఉదయం ముసలి లక్ష్ముడి మడిని వెనక్కి తీసుకోవడానికి వచ్చింది. అతను కంచెకు కట్టే ఆనపతీగ రోజూ ముడి ఊడి, కంచె దాటి, పక్క మడిలో ఈశ్వరి వంగమొక్కల మీద పడుతోంది.

"భావనపాడు రేవులో నలభై ఏళ్ళు పడవలు కట్టినోడివి. ఓ తీగని కట్టలేవేటి తాతా?" అన్నాడు కార్యదర్శి.

లక్ష్ముడు వంగి, పక్క మడిలో పడ్డ తీగను ఇవతలికి లాక్కున్నాడు.

రోజూ అతన్ని తిట్టిపోసే ఈశ్వరి కొంగు నలుపుతూ ముందుకొచ్చింది.

"ఆ ముడి నేనే ఇప్పేస్తన్నాను బాబూ."

"ఎందుకమ్మా?"

"తీగ రాకపోతే ఎవుల్ని తిట్టను? ఇంట్లో గోడల్నా? ఈ మడి తీసుకున్నాకే నాకు అన్నం సయిస్తన్నాది, నిద్ర పడతన్నాది. వంకాయల వల్ల అనుకున్నారేటి?"

అందరూ పకపకా నవ్వారు. లక్ష్ముడి మడి లక్ష్ముడికే మిగిలింది.

వాళ్ళు వెళ్ళాక ఈశ్వరికి అనుమానం వచ్చింది. "పడవలు కట్టినోడి ముడి ఇంత సులువుగా ఇడిపోతాదేటి మావా?"

లక్ష్ముడు తీగను మళ్ళీ కంచెకు కడుతున్నాడు.

"పడవ ముడి ఏస్తే నీ సేతికి ఊడొస్తాదేటే? మొదట్నించీ నీకోసం జారుముడే ఏస్తన్నాను."