తెర మీది మచ్చ

"ఇప్పుడెట్లుందమ్మా?"

"బొమ్మ కింద నుంచి పైకి పరుగెడుతోంది."

"ఉరకనియ్యి. ఎంత దూరం ఉరుకుతదో నేనూ చూస్త."

మెకానిక్ ఓదెలు పాత వీడియోగేము పెట్టె వెనకాల కూచుని, ప్లాస్టిక్ పుల్లతో చిన్న మర తిప్పుతున్నాడు. ఎడమచెయ్యి జేబులోనే ఉంది. ఈ డబ్బా తెరలు కరెంటు తీసినా షాకు కొడతాయట, అందుకని రెండు చేతులూ ఒకేసారి పెట్టె లోపల పెట్టడు. ఎదురుగా స్టూలు మీద అద్దం నిలబెట్టుకున్నాడు గానీ దాని మీద నమ్మకం లేదు, తెర ముందు నిలబడ్డ హారతి నోటిమాటే కావాలి.

"గాజు మీద ఈ జిడ్డేమిటండీ, ముందు తడిగుడ్డతో తుడిచేయనా?"

"అరె, కరెంటు నడుస్తుంటె తడిగుడ్డనా! ఆఖరుకు బంద్ చేసినంక తుడువుండ్రి."

నాలుగింటికి అశోక్‌నగర్ నుంచి అభిరామ్ అనే కుర్రాడు వస్తున్నాడు. కొత్తగా తెరిచిన కాఫీ షాపులో ముచ్చటకి పెట్టుకుంటాడట, బొమ్మ బాగుంటేనే. లేదంటే పాతసామాన్ల బండికే. ఎటుపోయినా సరే, ఇవాళ ఆ పెట్టె చిక్కడపల్లి ఇంటి గడప దాటాల్సిందే. హారతి పట్టు పడితే అంతే.

"మీ నాయినదా ఇది?"

"ఆయనదే. నారాయణగూడలో ఆటల షాపు ఉండేది. పోయినేడాది ఆయన పోయారు, ఇది మిగిలింది." హారతి తెర మీద వేలితో చూపించింది. "నేను ఆరో క్లాసులో ఉండగా కాలేజీ అబ్బాయిలందర్నీ దీని మీద ఓడించానండీ. మొదటి స్థానంలో నా పేరు కొట్టాను. హెచ్, ఏ, ఆర్. మూడక్షరాలే పడతాయిగా. వెనక్కి తిరిగేసరికి నాన్న! రెక్క పుచ్చుకుని బయటికి లాగేశారు. మళ్లీ ఈ గుమ్మం తొక్కితే కాళ్లు విరగ్గొడతానన్నారు. ఒక్కసారి 'భలే ఆడావే' అంటే ఆయన సొమ్మేం పోయింది?"

ముప్పై ఏళ్ల కోపం మరి, ఊరికే పోతుందా!

వాళ్ల నాన్న జగన్నాథరావు గారు నడిపింది ఆటల షాపే గానీ, ఆయన బటన్ నొక్కగా చూసినవాళ్లు లేరు. పిల్లలు పదింటికి వచ్చేవారు. ఆయన తొమ్మిదింటికే వెళ్లి, షట్టర్ సగం దించుకుని లోపల ఉండేవారు. "అగరొత్తి వెలిగించడానికి గంటా!" అని హారతి వాళ్లమ్మ రోజూ వేళాకోళం చేసేది.

"బొమ్మ నిలబడింది!" అని అరిచింది హారతి.

"ఎరుపు?"

"ఎక్కువ. అందరి మొహాలకీ కుంకుమ పూసినట్టుంది."

"ఇగ?"

"బాగుంది. కానీ మధ్యలో ఏదో మచ్చ."

ఓదెలు లేచొచ్చి, జిడ్డు గాజులోకి కళ్లు చికిలించి చూశాడు. "ఇది తుడిస్తె పోయేది కాదమ్మా. ఏండ్లకేండ్లు దినమంత ఒక్కతాన ఒక్కటే బొమ్మ నిలబడితే తెర లోపల కాల్తది. వెలుగు జర తగ్గిస్త, మరుగయితది."

"తగ్గించండి. అది మాత్రం కనపడకూడదు."

కదిలే బొమ్మ మీద చూడాలని ఆమెనే ఆడమన్నాడు. వద్దు వద్దంటూనే కూచుంది. వేళ్లకి అన్నీ గుర్తున్నాయి! పావుగంటలో మొదటి స్థానం. హెచ్, ఏ, ఆర్ కొట్టి చిన్నపిల్లలా చప్పట్లు చరిచింది. అంతలో ఓదెలు టప్పున స్విచ్ ఆపి, మళ్లీ వేశాడు.

"అయ్యో, నా పేరేదీ?"

"గీ మిషిన్‌కు యాది ఉండదమ్మా. కరెంటు తీస్తె పేర్లన్నీ సఫా. దినాం పొద్దుగాల మల్ల మొదటి నుంచే."

"దీనిక్కూడా నేను గుర్తు లేనన్నమాట," అని నవ్వేసింది హారతి. నవ్వు అంత బాగా రాలేదు.

మరో రెండు మరలు తిప్పేసరికి మచ్చ ఎక్కడుందో వెతికినా దొరకలేదు. "ఇగ ఇచ్చెయ్యుండ్రి," అంటూ ఓదెలు కరెంటు తీసి, సామాను సర్దుకున్నాడు. హారతి తడిగుడ్డ తెచ్చి గాజు తుడిచింది. జిడ్డంతా వదిలింది. కిటికీలోంచి వచ్చే ఎండ ఏటవాలుగా తెర మీద పడింది.

ఆరిపోయిన బూడిదరంగు తెర మీద మచ్చ మళ్లీ కనపడింది. మచ్చ కాదది, వరసలు. ఎవరూ ఆడనప్పుడు తెర మీద నిలిచే, గెలిచినవాళ్ల పేర్ల పట్టిక. కింది వరసల్లో రోజుకొకరు మారడంతో అక్షరాల మీద అక్షరాలు పడి అలుక్కుపోయాయి. పై వరస ఒక్కటే తేటగా ఉంది.

"మేడమ్, బండి తెచ్చాం!" అని గేటు దగ్గర అభిరామ్ కేకేశాడు.

హారతి పై వరస మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదువుతోంది.

హెచ్, ఏ, ఆర్.