భుజంగరావు మాస్టారి గొంతు

ప్రతి బడిలోనూ హెడ్మాస్టరు గొంతుతో తల్లిదండ్రులకు ఫోన్ చేసి మాట్లాడే యంత్రం ఉండే రోజులవి. ఇరవైరెండేళ్లు హెడ్మాస్టరుగా పనిచేసిన భుజంగరావు, వీడ్కోలు సభలో దండ వేసుకుని కూర్చుని, తన క్రమశిక్షణ గురించి సహోద్యోగులు చెబుతున్న మాటలు తృప్తిగా వింటున్నాడు. అప్పుడు రొయ్యల షెడ్డులో పనిచేసే నూకరత్నం వేదికెక్కి ఆయన కాళ్లకు దండం పెట్టింది.

"మా హిమజని బడి మాన్పించేత్తే, నలబై రోజులు ఫోన్ చేశారండి మాస్టారూ! ఓ రోజు తిట్టేశాను కూడానండి. అయినా ఒదల్లేదు మీరు. ఇయ్యాల అది నర్సమ్మండి!"

భుజంగరావుకు హిమజ గుర్తొచ్చింది. నెల్లాళ్లు రాని పిల్లల పేర్లు హాజరుపట్టీలో కొట్టేయడం బడి రివాజు. హిమజ పేరు మీద ఎర్రగీత గీసింది తనే. పిల్ల తిరిగొస్తే, తల్లికి బుద్ధి వచ్చిందనుకుని మళ్లీ రాసుకున్నాడు. ఆ తల్లికి ఒక్కనాడూ ఫోన్ చేయలేదు. రుజువు లేనిదే ఏదీ నమ్మని ఆయన ఎదుట, విడవకుండా పిలిస్తే పిల్లలు తిరిగొస్తారనడానికి రుజువే చేతులు జోడించి నిలబడింది.

"అమ్మా, ఆ ఫోన్లు చేసింది నేను కాదు, యంత్రం. నేను మీ అమ్మాయి పేరు కొట్టేశాను," అన్నాడు మైకులోనే.

నూకరత్నం ఆయన ముఖంలోకి తేరిపార చూసింది.

"అయితే ఆ ఫోన్ చేసినాయన బళ్లోనే ఉంటారాండి? మా తమ్ముడి కూతురు పదిరోజులై బడికి రావట్లేదండి."

హెడ్మాస్టరు వెళ్లిపోతే యంత్రంలోంచి ఆయన గొంతునూ చెరిపేస్తారు. యంత్రమే కదా అనుకుంటూ, అందుకు అనుమతిచ్చే కాగితం మీద భుజంగరావు ఆ ఉదయమే సంతకం పెట్టాడు.