సరస్వతి ఆకు మహిమ

మా అత్తగారు కమలకుమారికి మూర్ఛ జబ్బు. ఇంగ్లిషు మాత్రలు వేడి చేస్తాయట, మొక్క మందైతే కళ్లకద్దుకుంటారు. అందుకే పంజాగుట్టలో డాక్టరు మొక్క పేరెత్తగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"మెదడులో నాడీకణాలన్నీ ఒక్కసారిగా అరిస్తే ఫిట్స్ వస్తాయమ్మా, అమీర్‌పేటలో కోచింగ్ కరపత్రాలు పంచేవాళ్లలాగా" అన్నాడాయన. "మాత్రలు ఆపకండి. వాటితోపాటు ఈ చుక్కలు వేసుకుంటే ఆ గోల తగ్గుతుంది. మొక్క నుంచి తీసిందే."

"విన్నావా రవళీ! ఏ మొక్కండీ?"

"గంజాయి."

అత్తగారు లేచి వెళ్లిపోయారు. మత్తెక్కించే భాగం తీసేశారని డాక్టరు చెబుతూనే ఉన్నాడు. ఆ మాట విన్నది తలుపొక్కటే.

గంజాయి మా ఇంటావంటా లేదని ఇంటికొచ్చాక తేల్చేశారు కదా, నేను రోజూ ఆవిడ తాగే సరస్వతి ఆకు రసంలోనే ఆ చుక్కలు కలిపాను. ఫిట్స్ తగ్గాయి. ఘనత ఎవరిది? సరస్వతి ఆకుది. మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి బాల్కనీలోనూ ఒక కుండీ వెలిసింది. డాక్టర్లకేం తెలుసంటూ లిఫ్టు దగ్గర ఆవిడ ఉపన్యాసాలు, పక్కన నిలబడి నేను తలూపడం. పాపం, ఎంత అమాయకురాలో అని లోపల నవ్వుకునేదాన్ని.

ఇవాళ ఆఫీసు హడావిడిలో రసం చేతికిచ్చి పరుగెత్తబోయాను. ఆవిడ ఎదురు ఫ్లాటావిడకి ఆకు మహిమ చెబుతూ ఒక గుక్క తాగారు. ఆమె లోపలికెళ్లి తలుపేసుకునేదాకా ఆగి, గ్లాసు నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించి అన్నారు.

"ఇవాళ గంజాయి మర్చిపోయావు. వేసి తీసుకురా."