రెండో పెన్సిలు

సూరత్ ఉధ్నాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే లింగం, "ఆడపిల్లవు, నీకు బొక్కలు గీసుడేందే? అరిష్టం" అని ఎంత తిట్టినా, కూతురు సంతోషి డ్రాయింగ్ క్లాసు మానలేదు. ఆ రాత్రి క్లాసులో ఒక్కతే కూర్చుని, కొక్కేనికి వేలాడే అస్థిపంజరం చెయ్యి గీస్తోంది. అరచెయ్యి ఆమె వైపే ఉంది. ముంజేతి ఎముకలు రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

కరెంటు పోయింది. వీధిలో సాంచెల మోత ఆగింది. ఎముకల్ని కలిపి కట్టిన తీగ కిర్రుమంది.

లైటొచ్చేసరికి అరచెయ్యి వెనక్కి తిరిగి ఉంది. ఎముకలు ఒకదాని మీదుగా ఒకటి దాటి ఉన్నాయి.

సంతోషి లేవలేదు. కొత్త కాగితం తీసింది.

"మా నాయినకే భయపడలే. జర కదలకు."

మళ్ళీ కరెంటు పోయింది. ఆమె చీకట్లోనే గీస్తూ ఉంది. ఎదురుగా ఇంకో పెన్సిలు గీకుతున్న చప్పుడు మొదలైంది.

"నన్ను గూడ సక్కగ గియ్యి," అంది సంతోషి.