మేనత్త సాక్ష్యం

"ఆ తాళి కింద పెట్టండి!"

పడవ దిగి పరుగెత్తుకొచ్చిన స్నేహలత కేకకి సన్నాయి ఠక్కున ఆగింది. బాల్యవివాహాలు ఆపే ఆఫీసరు ఆమె. వెనకాలే కానిస్టేబుల్ తోమా రొప్పుతూ టోపీ సర్దుకుంటున్నాడు.

"పెళ్లికూతురు చిన్నపిల్లని కంప్లయింటు వచ్చిందండీ. చట్టప్రకారం ఈ పెళ్లి ఆపేస్తున్నాను."

పెళ్లికూతురి తండ్రి సత్తియ్య కంగారుపడలేదు. జేబులోంచి టెన్త్ సర్టిఫికెట్ తీసి అందించాడు. "చూస్కోండి మేడమ్ గారూ. మా కుమారికి మొన్ననే పందొమ్మిది నిండాయి."

నిజమే. పుట్టినతేదీ రెండుసార్లు లెక్కేసినా పందొమ్మిదే వచ్చింది. పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు.

"ఎలాగూ కొల్లేరు దాటి వచ్చారు, భోంచేసెళ్లండి" అన్నారు ఇంకెవరో.

స్నేహలత కాగితం తిరిగిస్తుంటే, పెళ్లికూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏలూర్లో నర్సింగ్ చదువుతున్నానండీ. ఇంకా రెండేళ్లుంది. మానిపించేస్తున్నారు" అంది గొంతు తగ్గించి.

"పెళ్లి ఇష్టం లేదని అందరి ముందూ చెప్పు. నేనున్నాను."

"అయ్యో, బావంటే ఇష్టమేనండీ! ఇప్పుడొద్దంతే."

స్నేహలతకి నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. పిల్ల మేజరు. వరుడంటే ఇష్టం. ఇక ఏ సెక్షను పట్టుకుని ఆపడం?

"సత్తియ్యగారూ, చదువయ్యాక చెయ్యకూడదా?"

"అది మా ఇంటి సంగతండీ. మీ చట్టానికి కావాల్సింది వయసు. చూపించాం."

చేసేదేం లేక స్నేహలత పడవ వైపు నడిచింది. ఒక కాలు లోపల పెట్టిందో లేదో, పెళ్లికొడుకు తల్లి బుల్లెమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి అడ్డం నిలబడింది.

"ఎక్కడికండీ? నా మేనకోడల్ని పట్టుకుని చిన్నపిల్లంటారా? నిండు పందిట్లో మా పరువేం కాను?"

"అక్కా, ఊరుకో! ఆవిడ వెళ్లిపోతున్నారుగా!" సత్తియ్య గాభరాగా పరుగెత్తుకొచ్చాడు.

"నువ్వుండరా తమ్ముడూ! ఆవిడకి తెలియాలి." బుల్లెమ్మ గొంతు ఇంకాస్త పెంచింది. "మేనరికం కదాని మేం వయసులు చూసుకోలేదు గానీ, చిన్నపిల్లేంటండీ ఇది? మా అబ్బాయికంటే నాలుగు నెలలు పెద్దది!"

స్నేహలత పడవలోంచి కాలు వెనక్కి తీసుకుంది.

"అయితే ఇంకో రెండేళ్ల పైనే ఆగాలండీ. పెళ్లికొడుక్కి ఇరవై ఒకటి నిండాలి!"